మధుపర్కం ఫోటోలో నేతతో సహా ఉంది, వీడియోలో తెల్ల మచ్చైపోయింది. కెమెరా ఒకటే, ఎందుకిలా?

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోయిన వారం మా పక్కూళ్ళో కొబ్బరితోటలో పెళ్ళి చేశాం. ముహూర్తం పగలు 11:20కి. కొబ్బరాకుల పందిరి, అక్కడక్కడా సందులు. ఆ సందుల్లోంచి ఎండ రూపాయి బిళ్ళల్లా పెళ్ళికొడుకు భుజం మీదా, పెళ్ళికూతురి ఒళ్ళోనూ పడుతోంది. ఇద్దరూ మధుపర్కాల్లో ఉన్నారు, తెల్లటి నూలు, ఎర్ర అంచు. మొహాలేమో నీడలో.

మా దగ్గర ఒకే మోడల్ కెమెరాలు రెండున్నాయి. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్, 2018లో వచ్చిన మిర్రర్‌లెస్. ఒకటి నేను వీడియోకి వాడతాను, రెండోది మా బావమరిది ఫోటోలకి. లెన్సులూ ఒకే రకం 24-70.

వాడి ఫోటోలో ఎండ బిళ్ళ పడ్డ చోట కూడా మధుపర్కం పోగులు లెక్కపెట్టొచ్చు. నా వీడియోలో అదే భుజం మీద తెల్ల కాగితం అంటించినట్టుంది. గ్రేడింగ్‌లో (రంగులూ వెలుగులూ దిద్దేటప్పుడు) హైలైట్లు ఎంత దించినా తెలుపు బూడిద రంగైంది తప్ప నేత రాలేదు. పెళ్ళికూతురి నాన్నగారు చూసి "ఆ ఫోటోలబ్బాయి కెమెరా బాగా ఖరీదైనదనుకుంటా" అన్నారు. రెండూ ఒకే బిల్లు మీద కొన్నవండీ!

నా ప్రశ్న ఒకటే. సెన్సర్ అదే అయినప్పుడు వీడియోలోకి మారగానే డైనమిక్ రేంజ్ (ఒకేసారి పట్టగల వెలుగునీడల తేడా) తగ్గిపోతుందా? తగ్గితే ఎన్ని స్టాపులు (ఒక్కో స్టాపుకీ కాంతి రెట్టింపు)?

నలుపుతెలుపు (వరంగల్) · రాత్రి 10:58

అన్నా, నాదీ ఇదే గోస. లెక్క సింపుల్. రా ఫోటో (సెన్సర్ చూసింది దిద్దకుండా రాసే ముడి ఫైల్) 14 బిట్, మన కెమెరా వీడియో 8 బిట్. ఆరు బిట్లు పోయాయంటే ఆరు స్టాపులు పోయినట్టే. కొత్త కెమెరా కొనడమే దారి.

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · రాత్రి 11:15

ఆగండాగండి, అప్పుడే కెమెరా కొనిపించకండి.

బిట్లూ స్టాపులూ ఒకటి కాదు. మేడ ఎత్తు వేరు, ఎక్కడానికి కట్టిన మెట్ల సంఖ్య వేరు. రా ఫైల్లో కాంతి ఉన్నదున్నట్టు, లీనియర్‌గా నమోదవుతుంది కాబట్టి అక్కడ 14 బిట్లకి సుమారు 14 స్టాపులన్న లెక్క కొంతవరకూ పనికొస్తుంది. వీడియో ఫైల్లోకి వెళ్ళేముందు కెమెరా ఒక కర్వ్ వేసి కాంతిని నొక్కి పెడుతుంది. అందుకే 8 బిట్ ఫైల్లో 8 కన్నా ఎక్కువ స్టాపులు ఇమిడ్చవచ్చు. మెట్లు కాస్త ఎత్తుగా తయారవుతాయి, అంతే. జేపెగ్ కూడా 8 బిట్టేగా!

అసలు లెక్కకి ముందు ఒక సంగతి తేలాలి. పెళ్ళికెమెరా గారూ, ఆ ఫోటోకి, అదే క్షణానికి చెందిన మీ క్లిప్‌కి షటర్, అపర్చర్, ఐఎస్ఓ ఎంతెంతో పెట్టండి. ఫోటో ఎడిట్ చేసిందా, కెమెరాలోంచి వచ్చిందా?

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 11:31

ఫోటో: 1/800, ఎఫ్/4, ఐఎస్ఓ 100. రా.
వీడియో: 1/50, ఎఫ్/8, ఐఎస్ఓ 100. 4కె, 25 ఫ్రేములు, స్టాండర్డ్ ప్రొఫైల్. మొహాలు జీబ్రా (స్క్రీన్ మీద వెలుగు మట్టం చూపే చారలు) 70 దగ్గర పెట్టుకుని తీశాను, నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు.

ఎడిట్ సంగతి నాకు తెలీదు. నాకు చూపించింది ఆల్బమ్‌కి పంపే ఫైల్.

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · రాత్రి 11:52

దొరికింది.

1/800 నుంచి 1/50కి వస్తే నాలుగు స్టాపుల కాంతి ఎక్కువ. ఎఫ్/4 నుంచి ఎఫ్/8కి వెళ్తే రెండు స్టాపులు తక్కువ. అంటే మీ వీడియో సెన్సర్ మీద పడ్డ కాంతి ఫోటో కన్నా రెండు స్టాపులు ఎక్కువ, సరిగ్గా నాలుగు రెట్లు. ఐఎస్ఓ రెండింటికీ ఒకటే. కాబట్టి మీరిద్దరూ ఒకే దృశ్యం తీశారు గానీ ఒకే ఎక్స్‌పోజర్‌తో కాదు.

ఇప్పుడు ఎండ సంగతి. నడినెత్తి ఎండకి పాత "సన్నీ 16" సూత్రం ప్రకారం ఐఎస్ఓ 100లో 1/100, ఎఫ్/16. అదే కాంతి ఎఫ్/8 దగ్గర 1/400. మీరు 1/50లో తీశారు. ఎండకి కావలసినదాని కన్నా మూడు స్టాపులు ఎక్కువ. నీడలో మొహాలకి అదే సరైనది, తప్పు పట్టను. కానీ ఎండలో ఉన్న తెల్ల నూలుబట్ట మిడిల్ గ్రే (ఎక్స్‌పోజర్ లెక్కకి ఆధారమైన మధ్యరకం బూడిద) కన్నా రెండుంబావు స్టాపులు పైనుంటుంది. మూడూ రెండుంబావూ కలిపితే అయిదుంబావు. స్టాండర్డ్ ప్రొఫైల్‌లో మిడిల్ గ్రే పైన మిగిలే చోటు రెండున్నర, మహా అయితే మూడు స్టాపులు. మధుపర్కం కాలిపోక ఏం చేస్తుంది?

ఫోటోలో ఆ భుజం గ్రే మీద మూడుంబావు దగ్గర ఉంది. రా ఫైల్ చివరి అంచున బతికిపోయింది. అయితే ఆ ఎక్స్‌పోజర్‌లో మొహాలు రెండు స్టాపులు చీకట్లో ఉండి తీరాలి. మీ బావమరిదిని అడిగి ముట్టుకోని రా ఫైల్ ఒకసారి తెరిచి చూడండి.

పెళ్ళికెమెరా (తణుకు) · మర్నాడు ఉదయం 8:10

సెన్సర్‌పిచ్చి గారూ, మీరు జాతకాలు కూడా చెప్తారా?

ముట్టుకోని ఫైల్ తెరిపించాను. మొహాలు బొగ్గే. పెళ్ళికూతురి బుగ్గన చుక్కెక్కడుందో వెతుక్కోవాలి. వాడు లైట్‌రూమ్‌లో షాడోలు పైకి లాగి, మొహాల మీద మాస్క్ వేసి రెండు స్టాపులు లేపాడట. మూడేళ్ళుగా ఎండ పెళ్ళిళ్ళన్నీ అలాగే తీస్తున్నాడట. "నాకెందుకు చెప్పలేదురా?" అంటే "నువ్వు అడగలేదుగా బావా" అన్నాడు.

మరి నేను కూడా వీడియోని రెండు స్టాపులు తక్కువలో తీసి లేపుకుంటే సరిపోయేదా?

డార్క్‌రూమ్‌తాత (విజయవాడ) · ఉదయం 9:05

నాయనా, మీ బావమరిది చేసింది కొత్త విద్య కాదు. మా రోజుల్లో స్టూడియోలో మొదటి వారమే చెప్పేవాళ్ళు: నెగెటివ్‌కి నీడ చూసి కొట్టు, స్లైడ్‌కి వెలుగు చూసి కొట్టు.

కలర్ నెగెటివ్‌లో వెలుగు రెండు మూడు స్టాపులు ఎక్కువైనా ప్రింటింగ్‌లో దించుకునేవాళ్ళం. తక్కువైతే మాత్రం నీడలు మట్టి కొట్టుకుపోయేవి. స్లైడ్ ఫిల్మ్ దానికి పూర్తిగా తిరగబడి ఉండేది. అరస్టాపు తప్పినా తెలిసిపోతుంది. తెలుపు పోతే అక్కడ మిగిలేది ఒట్టి ప్లాస్టిక్కే. కేలండర్లకీ పత్రిక ముఖచిత్రాలకీ స్లైడ్లు అడిగేవాళ్ళు, అవి తీసేటప్పుడు నా అరచేతులు తడిసిపోయేవి. ఒకే ఫ్రేము మూడు ఎక్స్‌పోజర్లలో తీసి పెట్టుకునేవాణ్ణి.

డిజిటల్ సెన్సర్ స్లైడ్ లాంటిది. తెలుపు నిండిపోతే అంతే సంగతులు. రాలో నీడ వైపు చోటుంటుంది కాబట్టి మీవాడు వెలుగుని కాపాడి నీడని తర్వాత చూసుకున్నాడు. మీ స్టాండర్డ్ వీడియోకి రెండు వైపులా చోటు లేదు. దాన్ని అచ్చంగా స్లైడ్ అనుకుని తియ్యాలి.

వీహెచ్ఎస్ రోజుల్లో ఇంకా ఘోరం లెండి. సన్‌గన్ లైటు ఫ్రేములోకి వచ్చిందంటే పైనుంచి కిందిదాకా తెల్ల గీత. పంతులుగారి నెత్తిన ధ్వజస్తంభం మొలిచినట్టుండేది.

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · ఉదయం 11:40

పెళ్ళికెమెరా గారి చివరి ప్రశ్నకి: సరిపోయేది కాదు. నేను రోజంతా చేసేది గ్రేడింగే, ఇలా "తర్వాత లేపుకుందాం" అని తెచ్చిన క్లిప్పులు వారానికి రెండైనా వస్తాయి.

లెక్క మీరే వేసుకోండి. 24 మిలియన్ పిక్సెళ్ళు, ఒక్కోదానికి 14 బిట్లు. నొక్కకుండా రాస్తే ఒక రా ఫోటో సుమారు 42 మెగాబైట్లు. మీ 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్లు. 25 ఫ్రేములకి పంచితే ఫ్రేముకి 4 మెగాబిట్లు, అంటే అర మెగాబైటు. సగటున ఫోటోలో 84వ వంతు! నిజమే, 4కె ఫ్రేములో పిక్సెళ్ళు కూడా 8.3 మిలియన్లే. అయినా 84 రెట్లెక్కడ, మూడు రెట్లెక్కడ.

ఆ అర మెగాబైటులో ఇమడ్చడానికి కోడెక్ (వీడియోని నొక్కి చిన్నది చేసే పద్ధతి) ఏది పారేస్తుంది? కంటికి ఆనదనుకున్నది పారేస్తుంది. అన్నిటికన్నా ముందు పోయేది నీడల్లోని సన్న వివరం. నల్ల పట్టు చీర మడతలు, జుట్టు, పందిరి వెనక చీకటి, ఇవన్నీ ఒకటే ముద్దగా రాసేస్తుంది. మామూలుగా చూస్తే తెలీదు. రెండు స్టాపులు లేపితే మాత్రం చదరాలు చదరాలుగా బయటపడతాయి, గచ్చు మీద పలకలు పరిచినట్టు. సెన్సర్ ఆ నీడని చూసింది. ఫైల్లోకి రానివ్వలేదు.

రంగు ఇంకో కథ. 4:2:0 అంటే ప్రతి పిక్సెల్‌కీ వెలుగు విలువ రాస్తుంది గానీ రంగు మాత్రం నాలుగు పిక్సెళ్ళకి ఒకటే. మధుపర్కం ఎర్ర అంచుని 400 శాతం పెద్దది చేసి చూడండి, ఎరుపు తెలుపులోకి కారినట్టుంటుంది. రా ఫోటోలో అంచు కత్తితో కోసినట్టుంటుంది.

"అయితే వీడియోని కూడా అన్నీ రాలో రాయొచ్చుగా" అంటారేమో. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కోటి 42 మెగాబైట్లు, సెకనుకి ఒక గిగాబైటు పైచిలుకు. మూడు గంటల పెళ్ళికి 11 టెరాబైట్లు. ఇప్పుడు అదే పెళ్ళి మీకు 135 గిగాబైట్లలో వస్తోంది. పెళ్ళివారు హార్డ్ డిస్కుల డబ్బులిస్తారా?

ఇంకొకటి, సెన్సర్‌ని సెకనుకి 25 సార్లు, 50 సార్లు చదవాలంటే వేగం కావాలి. అందుకే చాలా మిర్రర్‌లెస్‌లు వీడియోలో 14 బిట్ల బదులు 12 బిట్లలో చదువుతాయి. అక్కడా నీడల్లో కొంత పోతుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లైతే వరసలకి వరసలే వదిలేసేవి. 2008లో కేనన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీ వీడియోతో వచ్చినప్పుడు అందరం వెర్రెత్తిపోయాం. కానీ చిన్న గళ్ళ చొక్కా ఫ్రేములోకి వస్తే ఇంద్రధనుస్సు ఆడేది. మీ కెమెరా ఆ కాలందాన్ని దాటి చాలా దూరం వచ్చింది. మొత్తం వెడల్పూ చదివి 4కెకి కుదిస్తుంది, అందుకే పదును బాగుంటుంది.

నలుపుతెలుపు (వరంగల్) · మధ్యాహ్నం 12:20

సరే, ఆరు స్టాపుల మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి లాగ్ (వెలుగుకి చోటెక్కువ ఉంచి చప్పగా రాసే వీడియో ప్రొఫైల్) సంగతేంటి? మా దగ్గర ఒకాయన "లాగ్‌లో తీస్తే రా లాంటిదే, రెండు స్టాపులు ఓవర్ కొట్టు, గ్రేడింగ్‌లో దించుకో" అంటాడు. పెళ్ళికెమెరా అన్న లాగ్ పెట్టి ఉంటే బతికేవాడా?

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · మధ్యాహ్నం 1:48

లాగ్ పెట్టి ఉంటే బతికేవారు. "రెండు స్టాపులు ఓవర్" కొట్టి ఉంటే మళ్ళీ చచ్చేవారు.

సోనీ వాళ్ళ ఎస్-లాగ్3ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో మిడిల్ గ్రేని 41 శాతం దగ్గర, తెల్ల కాగితాన్ని 61 శాతం దగ్గర కూర్చోబెడతారు. పైన చోటంతా హైలైట్లకి వదిలేస్తారు. మామూలుగా గ్రే పైన ఆరు స్టాపుల వరకూ పడుతుంది. ఈ పెళ్ళిలో మధుపర్కం అయిదుంబావు దగ్గర ఉందని లెక్కేశాం. పట్టేది, ముప్పావు స్టాపు మిగిలేది కూడా. మీవాళ్ళు చెప్పిన రెండు స్టాపుల ఓవర్ కలిపితే ఏడుంబావు. మళ్ళీ తెల్ల కాగితమే.

ఆ సలహా పుట్టిన కారణం వేరు. లాగ్‌లో కనీస ఐఎస్ఓ 640, 800 అని కెమెరా పట్టుబడుతుందిగా? చాలా కెమెరాల్లో అక్కడ సెన్సర్ నిజంగా ఎక్కువ గెయిన్‌లో (సిగ్నల్‌ని పెంచడంలో) లేదు. ఐఎస్ఓ 100 నాటి గెయినే. అంకె మారిందంటే అర్థం మీరు సెన్సర్‌కి మూడు స్టాపులు తక్కువ కాంతి ఇస్తున్నారని. దానివల్లే పైన చోటొచ్చింది, దానివల్లే నీడల్లో నాయిస్ కూడా వచ్చింది. ఉన్న దుప్పటే, తలకి కప్పితే కాళ్ళు బయటికొచ్చాయి. మబ్బు పట్టిన రోజునో, ఏసీ హాల్లోనో దృశ్యంలో మరీ వెలుగు లేనప్పుడు ఓవర్ కొట్టడం మంచిదే. కొబ్బరితోటలో కాదు.

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · మధ్యాహ్నం 2:30

అవును, ఒక్క షరతుతో. ఆయన కెమెరా 8 బిట్.

ఎస్-లాగ్3లో ఒక్కో స్టాపుకి 10 బిట్లలో సుమారు 78 మెట్లు వస్తాయి. 8 బిట్లలో 20కి లోపే. రాలో చూడండి, 14 బిట్ల లీనియర్‌లో పై స్టాపు ఒక్కదానికే 8192 మెట్లు. 20 మెట్లున్న స్టాపుని గ్రేడింగ్‌లో కాంట్రాస్ట్ పెంచి సాగదీస్తే నీలాకాశం చారలు చారలవుతుంది. సాయంత్రం గోదారి గట్టు మీద తీసిన డ్రోన్ షాటొకటి నా దగ్గరికొచ్చింది, ఆకాశం నిండా ఉల్లిపాయ పొరలే. దాన్ని కప్పిపుచ్చడానికి గ్రెయిన్ చల్లి గంట కూర్చున్నాను.

అందుకని 8 బిట్ కెమెరాలో ఎస్-లాగ్3 నేను వద్దనే అంటాను. కెమెరాలో అంతకన్నా మెత్తటి ప్రొఫైల్ ఉంటుంది, హెచ్ఎల్‌జీనో, సినీ గామానో. చోటు రెండు స్టాపులు తగ్గొచ్చు గానీ మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి.

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · మధ్యాహ్నం 2:41

దీనితో ఒప్పుకోను. కొబ్బరాకుల పందిట్లో చారలు పడే ఆకాశమెక్కడుంది? ఆకులూ, పూలూ, జనం. ఇలా గజిబిజిగా ఉన్న చోట 8 బిట్ లాగ్ బ్యాండింగ్ ఎవడికీ కనపడదు. సెన్సర్ నాయిస్సే మెట్లని కలిపేస్తుంది. హెచ్ఎల్‌జీ పెడితే మధుపర్కం మళ్ళీ పోతుంది.

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · మధ్యాహ్నం 2:55

నీడలో పెళ్ళికూతురి చెంప ఉంది సార్. చర్మం మీద 20 మెట్లతో నేను పని చేశాను, మీరు చేయలేదు. మేకప్ వేసిన నున్నటి చెంప ఆకాశం కన్నా తక్కువేం కాదు.

డల్లాస్‌బావ (డల్లాస్) · రాత్రి 7:15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి హాల్లో కిటికీ పక్కన ఫోన్‌తో తీశాను. ఫోటోలో కిటికీ బయట చెట్లు, లోపల అమ్మాయి మొహం రెండూ బ్రహ్మాండం. వీడియోలో మొహం బానే ఉంది, కిటికీ తెల్లటి దీర్ఘచతురస్రం. ఇదీ ఇదేనా?

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · రాత్రి 7:40

బావగారూ, సగం ఇదే. ఫోన్ మీకిచ్చింది ఒక ఫోటో కాదు. మీరు బటన్ నొక్కిన కాస్సేపట్లో చాలా ఫ్రేములు తీసి, కిటికీకి పనికొచ్చేవీ మొహానికి పనికొచ్చేవీ కలిపి కుట్టింది. గూగుల్ 2013లో నెక్సస్ 5లో హెచ్‌డీఆర్ ప్లస్ అని మొదలుపెట్టింది, ఇప్పుడు అందరిదీ అదే దారి. వీడియోలో ఒక్కో ఫ్రేముకి ఉన్న టైమంతా సెకనులో ముప్పయ్యో వంతు. అందులో పది ఫ్రేములు తీసి కుట్టడం కుదరదు. కదిలే చెయ్యి పది చోట్ల ఉంటుంది కూడా. అయినా ఈమధ్య ఫోన్లు ఒకే పిక్సెల్‌ని రెండు గెయిన్లలో చదివి కొంత నెట్టుకొస్తున్నాయి.

వీడియో వాట్సాప్‌లో పంపితే వెలిసిపోయినట్టు కనపడుతోందని తర్వాత అడుగుతారేమో. అది డైనమిక్ రేంజ్ సమస్య కాదు. ఫోన్ హెచ్‌డీఆర్‌లో రాసింది, అవతల అది అర్థం కాలేదు. సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపి తీసి చూడండి.

డల్లాస్‌బావ (డల్లాస్) · రాత్రి 7:52

అడగబోయేది అదే! థాంక్యూ. కిటికీకి కర్టెన్ వెయ్యమని మా ఆవిడ అప్పుడే అంది, నేనే వినలేదు.

నలుపుతెలుపు (వరంగల్) · రాత్రి 8:30

అంటే వీడియో ఎప్పటికీ ఫోటో కన్నా తక్కువేనా? సినిమావాళ్ళు ఎండలో ఎలా తీస్తున్నారు మరి?

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · రాత్రి 9:20

ఎప్పటికీ అని ఎవరన్నారు? 2010లో ఆరి కంపెనీ తెచ్చిన అలెక్సా అనే సినిమా కెమెరా సెన్సర్ ప్రతి పిక్సెల్‌నీ ఒకేసారి రెండు దారుల్లో చదువుతుంది, ఒకటి ఎక్కువ గెయిన్, ఒకటి తక్కువ గెయిన్. రెండూ కలిపి 16 బిట్లు చేస్తుంది. ప్రతి ఫ్రేముకీ అలాగే. ఆరి కంపెనీ 14 స్టాపుల పైన అని చెప్పింది. 2022లో వచ్చిన అలెక్సా 35కి 17 అంటోంది. కంపెనీలు చెప్పే స్టాపులు కొలిచే పద్ధతిని బట్టి మారతాయి గానీ, ఈ రెంటిలో ఏ కెమెరా ఫుటేజ్ నా టేబుల్ మీదికి వచ్చినా కిటికీ బయట కొమ్మలు కనపడతాయి, ఆ మాట మాత్రం నిజం. ఆ వరసలో చూస్తే మామూలు ఫోటో కెమెరానే వెనక పడుతుంది.

మనవైపు కూడా దూరం తగ్గుతోంది. నికాన్ జెడ్9కి 2022లో ఒక ఫర్మ్‌వేర్‌తో కెమెరాలోనే 12 బిట్ రా వీడియో ఇచ్చారు. 10 బిట్ 4:2:2 ఇప్పుడు మధ్యరకం ధరల్లోకే వచ్చేసింది. పెళ్ళికెమెరా గారి మోడల్ తర్వాతి తరంలోనే వచ్చింది, పాపం.

అయినా సినిమావాళ్ళు ఎండని కెమెరాకి వదిలెయ్యరు. పైన పెద్ద తెల్ల గుడ్డ కడతారు, మొహానికి థర్మోకోల్ పెడతారు. పందిరి సందుల మీద ఒక తెల్ల చాదర్ పరిపించి ఉంటే ఈ టాపికే ఉండేది కాదు.

నిర్వాహకుడు · రాత్రి 9:45

ఫలానా కంపెనీ గొప్ప, ఫలానాది చెత్త అంటూ వచ్చిన ఏడు వ్యాఖ్యలు తీసేశాను. మీ కెమెరాలన్నీ మంచివే. టాపిక్ మీద ఉండండి.

పెళ్ళికెమెరా (తణుకు) · మూడో రోజు రాత్రి 9:10

ఇవాళ పని లేదు, ఇంట్లోనే పరీక్ష పెట్టాను. మా ఆవిడ మధుపర్కం (పదేళ్ళ నాటిది, బీరువాలోంచి తీయించాను, తిట్లు తిన్నాను) మేడ మీద ఎండలో దండెం మీద ఆరేశాను. పక్కనే మెట్లగది నీడలో పీట, దాని మీద ఇనప మూకుడు, పక్కన మా అబ్బాయిని కూర్చోబెట్టాను. ట్రైపాడ్ మీద అదే కెమెరా. రా ఫోటో, స్టాండర్డ్ వీడియో, లాగ్ వీడియో, మూడూ ఒక్కో స్టాపు తగ్గించుకుంటూ తీశాను.

రా: నాలుగు స్టాపులు తక్కువలో తీసి లేపినా మూకుడు చెవి కనపడింది. గ్రెయిన్ ఉంది గానీ ప్రింటుకి పనికొస్తుంది.

స్టాండర్డ్ వీడియో: ఒక స్టాపు లేపితే పర్వాలేదు. రెండు లేపగానే మూకుడూ, దాని నీడా కలిసి ఒకే నల్ల అట్ట అయిపోయాయి. మావాడి జుట్టులో పలకలు. కలర్‌టేబుల్ గారు చెప్పిన గచ్చు పలకలు అచ్చంగా అలాగే ఉన్నాయి.

లాగ్: ఎండలో మధుపర్కం పోగులు ఉన్నాయి! మొహమూ ఉంది. మూకుడు దగ్గర మాత్రం ఇసుక చల్లినట్టు నాయిస్. ఒక వింత గమనించాను. ఆ క్లిప్ పాజ్ చేస్తే నాయిస్ భరించలేం, ప్లే చేస్తే అంతగా తెలీడం లేదు.

చెంప మీద చారలు కనపడలేదు కలర్‌టేబుల్ గారూ, కానీ మావాడికి మేకప్ లేదు, వాడి చెంప నున్నగానూ లేదు. ఇద్దరిలో ఎవరు గెలిచారో నేను తేల్చలేను.

ఒక ఇబ్బంది వచ్చింది. లాగ్‌లో ఐఎస్ఓ 800, 1/50 పెడితే ఎండకి ఎఫ్/22 దాకా వెళ్ళాల్సొచ్చింది. బొమ్మంతా మెత్తబడింది.

సెన్సర్‌పిచ్చి (బెంగళూరు) · రాత్రి 9:38

పాజ్ సంగతి: ప్రతి ఫ్రేములో నాయిస్ కొత్తగా పడుతుంది, కన్ను కొన్ని ఫ్రేముల్ని కలిపి చూస్తుంది కాబట్టి సగటులో కొట్టుకుపోతుంది. ఫోటోకి ఆ సాయం లేదు. వీడియోకి ఉన్న ఒకే ఒక్క అదృష్టం అది.

ఎఫ్/22కి మందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్సు ముందు పెట్టి కాంతి తగ్గించే నల్లటి అద్దం. మీరు ఎఫ్/8లో ఉండాలంటే ఎన్‌డీ8 చాలు, మూడు స్టాపులు. ఎఫ్/2.8లో వెనక పందిరి మసకగా రావాలంటే ఎన్‌డీ64, ఆరు స్టాపులు. షటర్ పెంచితే పోదా అంటారేమో, 1/800లో తీస్తే నడిచే మనుషులు తోలుబొమ్మల్లా టకటకమంటారు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, మండపం లైట్ల కింద 1/50, 1/100 దాటితే మినుకుమనే బెడద మొదలవుతుంది. వేరియబుల్ ఎన్‌డీ చవకది కొనకండి, ఒక చివరికి తిప్పితే ఆకాశంలో నల్ల ఇంటూ గుర్తు వస్తుంది.

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 9:55

ఆర్డర్ పెట్టేశాను. ఇంకొక్క తలనొప్పి. తలంబ్రాల దగ్గర పెళ్ళికూతురు పగలబడి నవ్విన క్షణం మా బావమరిది మిస్సయ్యాడు (బ్యాటరీ మారుస్తున్నాడట). నా వీడియోలో ఉంది. అది ఫ్రేము తీసి 12×36 షీట్ నిండా వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా?

డార్క్‌రూమ్‌తాత (విజయవాడ) · రాత్రి 10:12

నిండా వద్దు నాయనా. 12×36 అంగుళాల షీటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 10,800 చుక్కల వెడల్పు కావాలి. నీ ఫ్రేములో ఉన్నవి 3840. అంగుళానికి 107 కూడా రావు. పైగా 1/50లో తీశావు. తలంబ్రాల గింజలు గింజల్లా ఉండవు, తెల్ల గీతల్లా ఉంటాయి. చూసుకో.

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 10:20

చూశాను. గీతలే. ఆమె చెయ్యి కూడా రెక్కలా సాగిపోయింది. కానీ మొహం కదల్లేదు, నవ్వు మాత్రం స్పష్టంగా ఉంది.

డార్క్‌రూమ్‌తాత (విజయవాడ) · రాత్రి 10:31

అయితే అరచేతి సైజులో వెయ్యి, పక్కన నీ బావమరిది తీసిన పెద్ద ఫోటో పెట్టు. గింజలు గీతలైతే అయ్యాయి, కురుస్తున్నట్టే ఉంటాయిలే. తెల్ల మచ్చ పడ్డ భుజం ఆ ఫ్రేములో ఉందా?

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 10:36

ఉంది. కట్ చేసేస్తాను. :)

వచ్చే గురువారం ఇంకో పెళ్ళి. ముహూర్తం రాత్రి 2:40కి, కల్యాణ మండపంలో. ఎండ గొడవ లేదు, హాయి.

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · రాత్రి 10:44

స్టేజి వెనక ఎల్ఈడీ వాల్ పెడుతున్నారా?

పెళ్ళికెమెరా (తణుకు) · రాత్రి 10:45

ఆ, ఇరవై అడుగులది పెడతామన్నారు. ఏం?

కలర్‌టేబుల్ (హైదరాబాద్) · రాత్రి 10:47

కొత్త టాపిక్ తెరవండి.